రాకెట్ ముక్కలయ్యాక కూడా నిమిషం సేపు దాని మోత విన్నాం

"రాకెట్ గాల్లో పేలిపోవడం ఎవరైనా స్వయంగా చూశారా? చప్పుడు వినపడిన టైమును బట్టి అది ఎంత దూరంలో పేలిందో చెప్పొచ్చా?" అని అడిగారు. చూశాను. చెప్పొచ్చు. కాకపోతే ఆ చెప్పడంలో దాదాపు అందరూ ఒకే చోట తప్పు చేస్తారు, నేనూ అక్కడే చేశాను, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా.

నేను చూసింది 2010 డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజు, సాయంత్రం 4 గంటల 4 నిమిషాలకు శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ ఎఫ్06. 51 మీటర్ల పొడవు, 418 టన్నుల బరువు, లోపల జీశాట్-5పీ అనే 2310 కిలోల ఉపగ్రహం. నేనప్పుడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. తీసుకెళ్లింది మా మామ, అంటే అమ్మకు తమ్ముడు. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాకెట్ మధ్యలో ఉండే ఘన ఇంధన మోటారు ఉంటుంది కదా, 2.8 మీటర్ల వ్యాసం, 20 మీటర్ల పొడవు, లోపల 139 టన్నుల మందు, ఆ మందును పట్టి ఉంచే గొట్టం మారేజింగ్ స్టీల్‌తో చేస్తారు, నికెల్ ఎక్కువ కలిసిన ఉక్కు అది. ఆ ఉక్కు తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. మామకు అదొక గర్వం. పెళ్లిళ్లలో కూడా, అవతలివాళ్లు అడిగినా అడగకపోయినా ఆ టాపిక్ తీసుకొచ్చేవాడు. కానీ అన్నేళ్ల సర్వీసులో రాకెట్ లేవడం ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదట. రిటైరయ్యేలోపు చూడాలని నన్ను వెంటబెట్టుకుని నాంపల్లిలో రాత్రి చెన్నై రైలెక్కాడు. పొద్దున్నే గూడూరులో దిగి, అక్కణ్నుంచి బస్సులో సూళ్లూరుపేట.

జనం కూర్చుని చూడ్డానికి ఇప్పుడు శ్రీహరికోటలో గ్యాలరీ ఉంది, అది 2019లో వచ్చింది. అప్పట్లో అదేం లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మీదుగా కట్ట రోడ్డు పోతుంది, దాని మొదట్లోనే పోలీసులు ఆపేశారు. ఆపిన చోటే అందరూ రోడ్డు వార నిలబడ్డారు. ముందంతా నీళ్లు, బురద, ఆ బురదలో కొంగలు, దూరాన చెట్ల గీత ఒకటి. ఆ చెట్ల వెనకాల ఎక్కడో లాంచ్ ప్యాడ్. ప్యాడ్ మాత్రం కనపడదు.

మరి కౌంట్‌డౌన్ ఎలా తెలియాలి? దానికి మామ వేసిన ప్లాన్ ఏంటంటే, సైదాబాద్‌లో ఇంట్లో ఉన్న అమ్మ దూరదర్శన్ పెట్టుకుని, ఫోన్లో మాకు చదివి చెప్పాలి. ఆ జనంలో సిగ్నల్ దొరకడమే గొప్ప, దొరికింది. ఫోన్ స్పీకర్ మీద పెట్టి మామ పట్టుకున్నాడు, ఆయన చేతి గడియారం విప్పి నాకిచ్చాడు, స్టాప్‌వాచ్ ఉన్న డిజిటల్ వాచ్. "మీ అమ్మ జీరో అనేదాకా చూడకు. టీవీ రెండు మూడు సెకన్లు ఎనకనే ఉంటది. నీ కంటికి ఏమన్న కనపడంగనే నొక్కు" అన్నాడు. శబ్దంతో దూరం కొలవాలన్నది కూడా ఆయన ఆలోచనే. నిజం చెప్పాలంటే నాకు అంత ఇంట్రెస్ట్ లేదు, ఫొటోలు తీసుకుందామని ఉంది.

ఫోన్లో అమ్మ "పది... తొమ్మిది..." అంటోంది. "ఆరు" అందో లేదో చెట్ల పైన తెల్లటి పొగ ముద్దలా లేచింది. నొక్కేశాను. పొగ వచ్చేసింది, అమ్మ ఇంకా నాలుగు దగ్గరే ఉంది. ముందే పేలిపోయిందేమో అని పక్కనున్నవాళ్లు కంగారుపడ్డారు కూడా. అది కంగారుపడాల్సిన విషయం కాదు. జీఎస్‌ఎల్‌వీలో చుట్టూ ఉండే నాలుగు ద్రవ ఇంధన మోటార్లను జీరోకు 4.8 సెకన్ల ముందే వెలిగిస్తారు, అవి సరిగ్గా మండుతున్నాయని చూసుకున్నాకే మధ్య మోటారును ముట్టిస్తారు, అప్పుడే రాకెట్ లేస్తుంది. దీనికి టీవీ ఆలస్యం తోడైంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద లెక్కలో పనికొస్తుంది.

తర్వాత చెట్ల మీదుగా ఒక నిప్పు పైకి లేచింది. చూడలేనంత వెలుగు, వెల్డింగ్ చేస్తున్నప్పుడు చూసినట్టు. చప్పుడు లేదు. అసలేమీ లేదు. ఆ వింత ఎంత చెప్పినా అర్థం కాదు, అంత పెద్ద మంట పైకి పోతుంటే మనకు వినపడేది పక్కాయన బఠానీల పొట్లం చప్పుడు. జనం ఈలలు వేస్తున్నారు. నేను గడియారం వైపు, ఆకాశం వైపు మార్చి మార్చి చూస్తున్నా. 48 సెకన్ల దగ్గర నేలలోంచి వస్తున్నట్టు సన్నగా గుర్రుమని మొదలైంది. 52 దాటి 53 అవుతుండగా అసలు మోత వచ్చి పడింది. పెద్ద గుడ్డను ఎవరో ఆగకుండా చింపుతున్నట్టు, ఛాతీలో తెలుస్తుంది, వెనకాల ఆపి ఉంచిన జీపు అద్దాలు గిలగిలలాడాయి. కొంగలు లేచింది కూడా అప్పుడే, వెలుగు కనపడ్డప్పుడు కాదు. అందరూ చప్పట్లు. మామ కళ్లు తుడుచుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే పైన రాకెట్ పక్కకు తిరిగింది. గడియారం 58 చూపించేసరికి ముక్కలైంది. ముందు నారింజ రంగు మంట, తర్వాత తెల్లటి పొగ తోకలు నాలుగైదు వేర్వేరు దిక్కులకు, సముద్రం వైపుకి వంగి దిగుతున్నాయి. దీపావళికి చిచ్చుబుడ్డి పక్కకి పడితే రవ్వలు ఎటుపడితే అటు పోతాయి చూడండి, అలా.

కానీ మోత ఆగలేదు. రాకెట్ పైన లేదు, దాని మోత మాత్రం మా చెవుల్లో అప్పుడే ఊపందుకుంటోంది. వెనక ఉన్నవాళ్లలో కొంతమంది, పైకి చూడకుండా కెమెరాలు సర్దుకుంటున్నవాళ్లు, ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

ఫోన్లో అమ్మ: "తమ్మీ, ఏమైంది? టీవీల అందరు నోరు మూసుకుని కూసున్నరు. పగిలినట్టు కొట్టింది."

మామ ఏం మాట్లాడలేదు.

"పగిలితే మరి ఆ సప్పుడేంది? నాకిక్కడికి ఇనపడుతున్నది కదా."

"ఇది పాత సప్పుడక్కా" అన్నాడు మామ.

ఆలోచించండి. అమ్మ ఉన్నది మాకు 450 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లో. టీవీ ద్వారా రాకెట్ పోయిందన్న సంగతి ఆమెకు రెండు మూడు సెకన్లలో చేరిపోయింది. ఇరవై కిలోమీటర్ల దూరంలో నిలబడ్డ మా చెవులకు అది చేరడానికి ఇంకో నిమిషం పట్టింది. గడియారంలో నిమిషం 58, 59 సెకన్ల దగ్గర మోత మధ్యలో 'ధబ్' మని ఒకటి, వెంటనే ఇంకో రెండు, ఎక్కడో బియ్యం బస్తాలు దించినట్టు. సినిమాల్లో వచ్చే పేలుడులా అస్సలు ఉండదు. ఆ తర్వాత మోత చెదిరిపోయి, గొణుగుడై, కొన్ని సెకన్లకు పూర్తిగా ఆగిపోయింది.

ఇప్పుడు లెక్క. గాల్లో శబ్దం వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ఒక్కో డిగ్రీ వేడికి 0.6 మీటరు చొప్పున కలుపుకోవాలి. అంటే 28 డిగ్రీల దగ్గర 348. వెలుగు అయితే ఇరవై కిలోమీటర్లు రావడానికి సెకనులో పదివేలో వంతు కూడా పట్టదు, దాన్ని వదిలేయొచ్చు. కాబట్టి కంటికి కనపడినప్పటి నుంచి చెవికి వినపడేదాకా ఎన్ని సెకన్లో చూసి, మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ఉరుముకైనా ఇదే, బాంబుకైనా ఇదే.

నేను అక్కడికక్కడే చేసిన ఘనకార్యం ఏంటంటే, 'ధబ్' మన్నది 119వ సెకనులో కాబట్టి మూడుతో భాగించి "నలభై కిలోమీటర్ల దూరంలో పేలింది మామా" అన్నాను. ఆ దుఃఖంలోనూ ఆయన నన్ను తిట్టాడు. "నువ్వు పేలింది చూసిందెప్పుడు? యాభై ఎనిమిది తీసెయ్యి." కరెక్టే. ఏ సంఘటనను చూశామో అదే సంఘటన చప్పుడును పట్టుకోవాలి. 119లోంచి 58 తీసేస్తే 61 సెకన్లు, అంటే ఇరవై కిలోమీటర్ల పైచిల్లర. చాలామంది చేసే తప్పు ఇదే, ఒకదాని వెలుగు, ఇంకోదాని చప్పుడు. ఇంకో రకం తప్పు కూడా ఉంది, ఇంకా పెద్దది: మా పక్కనున్న ఒకాయన, "పేలగానే ధడేల్‌మని వినపడింది సార్, చెవులు గింగుర్లెత్తినయ్" అని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. కళ్లముందు ముక్కలవుతున్నప్పుడు చెవుల్లో లేచినప్పటి మోత ఉంది కదా, బుర్ర రెండింటినీ కలిపి కుట్టేసింది.

ప్యాడ్ ఎంత దూరమో తేల్చడానికి కూడా ఈ జత కలిపే గొడవే. పొగ చూసి నొక్కాను, అంటే అది నాలుగు ద్రవ మోటార్లు వెలిగిన క్షణం. దాని చప్పుడు 48వ సెకనులో వచ్చిన సన్నటి గుర్రు, 53వ సెకనులో వచ్చిన పెద్ద మోత కాదు. 48ని 348తో గుణిస్తే 16.7 కిలోమీటర్లు. తర్వాత ఇంటికొచ్చి మ్యాప్‌లో కొలిస్తే 17. పొగ చెట్ల పైకి లేచి నా కంటపడటానికి ఒక సెకను పట్టి ఉంటుంది, ఆ తేడా అక్కడ పోయింది. 53ను పట్టుకుని ఉంటే కిలోమీటరున్నర తప్పు వచ్చేది.

ఎత్తు కూడా కట్టొచ్చు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. రాకెట్ చెదిరిన చోటు నేల గీతకు రెండు పిడికిళ్ల పైన కొంచెం ఉంది, 22 డిగ్రీలు అనుకోండి. ఇరవై కిలోమీటర్ల పైచిల్లర ఏటవాలు దూరం, 22 డిగ్రీలు, అంటే ఏడున్నర కిలోమీటర్ల ఎత్తు. ఇక్కడ సెకనుకు 348 వేసుకోకూడదు, పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, శబ్దం నెమ్మదిస్తుంది. నేను సగటున 333 వేసుకున్నా. మూడుతో భాగించే సూత్రం అసలు వాడింది కూడా అదే అనుకోండి, కావాలని కాకపోయినా.

ఇంకొకటి, నాకు ఇప్పటికీ బాగా నచ్చేది. రాకెట్ లేచినప్పటి నుంచి చెదిరేదాకా 54 సెకన్లు, నా గడియారం అది లేవడానికి నాలుగు సెకన్ల ముందే మొదలైంది కదా. కానీ ఆ మోత మాకు వినపడింది 66 సెకన్లు. ఎందుకంటే అది మననుంచి దూరంగా పోతూ అరుస్తోంది, చివర్లో అరిచిన అరుపు మొదటి అరుపు కంటే ఎక్కువ దూరం రావాలి. అందుకే సాగింది, సాగినకొద్దీ స్వరం బొంగురుపోయింది. రైలు మనల్ని దాటి పోయాక హారన్ బొంగురుగా వినపడుతుంది చూడండి, అదే సంగతి.

ఇదంతా చేయడానికి రాకెట్ అక్కర్లేదు. కొన్నేళ్లు మణికొండలో అద్దెకున్నాం. కోకాపేట, పుప్పాలగూడ వైపు పునాదులకు బండ పేల్చేవాళ్లు, మధ్యాహ్నం పూట. హైదరాబాద్ కింద ఉన్నదంతా గ్రానైటే కదా, గ్రానైట్‌లో అదురు సెకనుకు ఐదు కిలోమీటర్లకు పైగానే పరిగెత్తుతుంది. అంచేత ముందు కాళ్ల కింద గచ్చు సన్నగా అదిరేది, స్టీలు డబ్బా మీద మూత టిక్‌మనేది, ఆ తర్వాత నాలుగైదు సెకన్లకు చప్పుడు. పేలుడు కనపడాల్సిన పని కూడా లేదు, అదురుకీ చప్పుడుకీ మధ్య ఎన్ని సెకన్లో చూసి మూడుతో భాగించడమే, కొంచెం అటూఇటూగా. ఒకటే ఇబ్బంది, చుట్టూ అపార్ట్‌మెంట్లు ఉంటే చప్పుడు గోడలకు కొట్టుకుని తప్పుడు దిక్కు నుంచి వస్తుంది. మొదట వినపడిందే లెక్క, తర్వాత వచ్చేవి ప్రతిధ్వనులు.

గాలి మన వైపు వీస్తుంటే బాగా వినపడుతుంది, ఎదురు వీస్తే కాదు. పైన చలి, కింద వేడి ఉంటే శబ్దం పైకి వంగిపోయి మన తలమీంచి వెళ్లిపోతుంది. ఉరుము ఇరవై పాతిక కిలోమీటర్లు దాటితే మెరుపు కనపడి కూడా చప్పుడు రాకపోవడానికి ఇదీ ఒక కారణం. దగ్గర ఉరుము ఫెళ్లుమంటుంది, దూరపుది గుడగుడమంటుంది, కీచుమనే శబ్దాలను గాలి దారిలోనే మింగేస్తుంది.

వీడియోలు చూసి దూరం కట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. 2016 సెప్టెంబర్ 1న అమెరికాలోని కేప్ కెనవెరాల్‌లో ఫాల్కన్ 9 రాకెట్ ఇంధనం నింపుతుండగా ప్యాడ్ మీదే పేలింది, అమోస్-6 ఉపగ్రహంతో సహా. ఆ వీడియో తీసిన కెమెరా దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. మంట వచ్చాక పన్నెండు సెకన్ల దాకా చప్పుడు ఉండదు, పక్షులు మామూలుగా కూస్తుంటాయి. లెక్క అచ్చంగా సరిపోతుంది. అలా కాకుండా దూరపు పేలుడులో మంట, చప్పుడు ఒకేసారి వస్తే దాన్ని ఎవరో ఎడిటింగ్‌లో జరిపారని అర్థం.

ఈ సెకన్లు ఒక్కోసారి ప్రాణం మీదికొస్తాయి కూడా. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు ఆ వెలుగు చూసి జనం ఏమిటా అని కిటికీల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రెండు నిమిషాలు దాటాక వచ్చిన తాకిడికి అద్దాలు పగిలాయి. దాదాపు 1500 మంది గాయపడ్డారు, ఎక్కువమంది ఆ గాజు ముక్కలతోనే. ఎప్పుడైనా అలాంటి పెద్ద వెలుగు కనపడి చప్పుడు రాలేదంటే, లెక్క తర్వాత, ముందు కిటికీ దగ్గర్నుంచి జరగండి.

ఇక ఎఫ్06 ఎందుకు పోయిందన్నది తర్వాత విచారణలో తేలింది. పైనున్న కంప్యూటర్ నుంచి కిందున్న మోటార్లకు ఆదేశాలు మోసే కనెక్టర్లు క్రయోజెనిక్ దశ అడుగున ఉంటాయి, అంటే రాకెట్ పైభాగంలో, బాగా చల్లబరిచిన ద్రవ ఇంధనంతో నడిచే భాగం. రాకెట్ లేచాక 47.8 సెకన్ల దగ్గర పది కనెక్టర్లు ఊడిపోయాయి. దాంతో అదుపు తప్పింది, 53.8 దగ్గర విరిగింది, ఎటుపడితే అటు పోకుండా 64వ సెకనులో నేలమీది నుంచే పేల్చేసే కమాండ్ ఇచ్చారు. అంటే మేం మోత విని చప్పట్లు కొట్టిన క్షణానికి కనెక్టర్లు అప్పటికే ఊడిపోయి ఉన్నాయి.

కానీ ఆ రాత్రి అవేవీ తెలియవు. గూడూరులో రైలెక్కాం. మామ టీ కూడా వద్దన్నాడు. నేను పై బెర్తు మీద పడుకుని నిద్రపోబోతుంటే కింద నుంచి తట్టాడు.

"సెకన్లు రాసుకున్నవ్ కదా. ఆ ధబ్‌మనేదాకా మోత ఒక్కతీరుగ వచ్చిందా? మధ్యల ఏమన్న తెగిందా, మారిందా?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆయన అడుగుతున్నది మధ్య మోటారు గురించి. గొట్టం ముందే పగిలి ఉంటే మోతలో తెలిసేది కదా అని.

"లేదు మామా, చివరిదాకా ఒక్కతీరుగనే వచ్చింది" అన్నాను.

"మంచిగ ఇన్నవా?"

"మంచిగ ఇన్న."

"సరే పండుకో" అన్నాడు. ఒంగోలు వచ్చేసరికి గురక పెడుతున్నాడు.